అత్త నిలబడాల్సిన చోటు

వానాకాలంలో మైకుల పెట్టె తెరిచి, ఉప్పుగాలికి మగ్గిన స్పాంజి వాసన పీల్చగానే, మా దీవిలో, షాదీపూర్‌లోని మా ఇంటి ముందుగది, కిటికీలకు అడ్డం పెట్టిన పరుపులు, ఆపేసిన ఫ్యాను కింద చెమటలు కక్కుతున్న మా తెలుగు చర్చి పాటల బృందం కళ్లముందుకొస్తాయి.

నాకప్పుడు పన్నెండేళ్లు. పెళ్లిళ్లకూ ప్రార్థన సభలకూ మైకులు పెట్టే మా బాబాయి దగ్గర ఆ పని నేర్చుకుంటానని పట్టుబట్టాను. వైరు మెలిపడకుండా చుట్టడంతో మొదలుపెట్టించి, మైకు స్పీకరుకు ఎదురైతే ఎందుకు కీచుమంటుందో, ఏ గొంతు ఎంత దూరంలో ఉండాలో ఓపికగా చెప్పేవాడు. ఆ క్రిస్మస్‌కు పాటలు రికార్డు చేసి విశాఖలోని బంధువులకు పంపాలనుకున్నారు. కోళ్లను గంప కింద మూశాం, నీళ్ల మోటారు వేయొద్దని పక్కింటివాళ్లను బతిమాలాం, వంటింట్లో అరిసెలు మాత్రం ఆపలేకపోయాం.

అసలు చిక్కు బాబాయి అక్క, మా సువార్తమ్మ అత్తతో వచ్చింది. ఉన్నది ఒక్కటే మైకు. అత్త నోరు తెరిస్తే మిగతా ఏడుగురూ ఉత్తినే పెదాలాడించినట్టుండేది.

"అప్పా, థోడా పీఛే జరుగు" అన్నాడు బాబాయి మెల్లగా, కొంచెం వెనక్కి వెళ్లమని అక్కకు చెయ్యి చూపిస్తూ.

అత్త పాటల పుస్తకం మూసేసింది. "నా గొంతు అక్కర్లేకపోతే సీదా సెప్పీయండి. నానెల్లిపోతాను."

అత్త వెళ్లిపోతే శ్రుతి పట్టేవాళ్లే లేరని అందరికీ తెలుసు. బాబాయి వైర్లలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. నేనే హెడ్‌ఫోన్లు అత్త చెవులకు తగిలించి, అంతకుముందు పాడింది వినిపించాను. మొదట మురిసిపోయింది. తర్వాత మొహం మారింది.

"మిగతావోళ్లేరే?"

"నీ వెనకాలున్నారత్తా."

అత్త హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టి, ఒక్కో చరణానికీ ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ, నా మొహం చూస్తూ పోయింది. వంటింటి గుమ్మం దాటాక నేను చేయెత్తాను. అక్కడే నిలబడి, అరిసెలు తిరగేస్తూ, నాలుగు పాటలూ పాడేసింది. నూనె చిటపటలు విని, అక్కడ అంత వాన పడుతోందా అని విశాఖవాళ్లు అడిగారట.

ఆ ఇల్లు లేదు, బాబాయీ లేడు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు ఫోన్లో పాడి పంపుతారు, నేను అన్నీ కలిపి ఒక పాట చేస్తాను. వండూర్‌లో కూతురింట ఉంటున్న అత్త కూడా పంపుతుంది. అందరి గొంతులూ సరిచేశాక, వెతికి పట్టుకుని పైకి తేవాల్సింది ఆవిడ గొంతునే.