గుడ్ల బుట్టతో నందిగామలో దిగే మేస్త్రీగారు

మేస్త్రీగారు పోయారని నందిగామ నుంచి కబురొచ్చింది. ముందు నమ్మలేదు. ఆయన విషయంలో ఏదీ ఒక పట్టాన నమ్మకపోవడం నాకు పాత అలవాటు.

కథీడ్రల్లో బలిపీఠం వెనక గోడ మీలో చాలామంది చూసే ఉంటారు. అద్దంలా మెరిసే ఆ తెల్లటి గచ్చు ఆయన చేతిదే. డెబ్భైల చివర్లో అక్కడ పెచ్చులూడితే, సిమెంటు వద్దు, పూర్వం పూసినట్టే సున్నంలో గుడ్డు తెల్లసొన కలిపి పూయాలన్నారు మేస్త్రీగారు. సాయిబుకి మన పీఠం గోడా అని గొణిగినవాళ్ళలో నేనూ ఉన్నా.

జగ్గయ్యపేట విశ్వాసులం ఇంటింటా గుడ్లు పోగేసి ఇచ్చేవాళ్ళం. ఆయన బుట్టతో కథీడ్రల్‌కి బస్సెక్కి, దారిలో నందిగామలో దిగేసేవారు. అక్కడే ఆయన ఇల్లు. ఇంకేం కావాలి నాకు?

"సున్నానికి గుడ్లట! ఆ ఇంట్లో రోజూ గుడ్డట్లేనండి," అని ఫాదరుగారి చెవిలో వేశా.

"రుజువు తీసుకురా, పని మాన్పిస్తా," అన్నారు.

మూడు గుడ్లు ఉడకబెట్టి బుట్టలో కలిపేశా. సున్నంలో వేసేవాడైతే పగలగొట్టగానే గోల చేస్తాడు, తినేవాడైతే నోరు మూసుకుంటాడు. అదే బస్సెక్కి ఆయన గుమ్మం దాకా వెళ్ళా.

లోపల ఆయనా, భార్యా బకెట్ నీళ్ళలో ఒక్కో గుడ్డూ వదులుతున్నారు. తేలినవి చెత్తకుప్పకి. మునిగినవి తుడిచి నేల మీద బొంగరంలా తిప్పుతున్నారు. పచ్చివి తూలి ఆగిపోతున్నాయి. ఉడికినవి కదా, నావి మూడూ గిర్రున తిరిగాయి. ఆయన తలెత్తారు.

"రా అబ్బాయ్. ఆకలికి తెచ్చుకున్నవి ఇందులో కలిసినట్టున్నాయి. ఇదిగో ఉప్పు."

"నావని ఎలా తెలుసు?"

"బస్సులో నా బుట్టని నువ్వు చూసినంతగా, కండక్టరు టిక్కెట్టు లేనోణ్ణి కూడా చూడడు."

"మరి ఇక్కడెందుకు దిగుతారు?"

"ఒక్క కుళ్ళుది కలిసినా గోడ కంపు కొడుతుంది. అక్కడ జనం మోకరిస్తారు. గోడని కంటితో నమ్మకు, ముక్కుతో చూడు."

ఆ మూడూ గొంతు దిగడానికి చెంబుడు నీళ్ళు పట్టాయి. మర్నాడు ఫాదరుగారి దగ్గర తప్పు ఒప్పుకున్నా. పని ఆగలేదు.

ఆ తర్వాత బుట్ట నేనే మోసేవాణ్ణి. కాళ్ళు కడుక్కుంటే గాని ఆయన పీఠం దగ్గర పరంజా ఎక్కేవారు కాదు. వేదాద్రి రేవులో ఏరుకున్న గులకరాయితో సాయంత్రం దాకా గచ్చు రుద్దేవారు. నా మీద కోపం రాలేదా అని ఏళ్ళ తర్వాత అడిగా.

"నాలాగే దేన్నయినా తిప్పి చూస్తావు. పనికొస్తావనుకున్నా," అన్నారు.

మొన్న నందిగామలో మట్టి వేసి, నేరుగా కథీడ్రల్‌కి వెళ్ళా. పీఠం వెనక ఎవరూ లేరు. ఆ చివర నుంచి ఈ చివర దాకా గోడ వాసన చూశా. కొవ్వొత్తి పొగ, అంతే. అద్దంలాంటి ఆ గచ్చులోంచి ఎవడిదో ముక్కు, అనుమానంగా, నన్నే వాసన చూస్తోంది.