యాదన్న గరాజ్‌లో నీలం టేపు

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా సుజాత వదిన ఫోన్ చేసింది. కట్ చేశాను.

మళ్ళీ చేసింది.

"నిద్రలనే పొయిండు మీ అన్న. గుండె ఆగిందంటున్నరు."

మొన్న ఆదివారమే కదా "శనివారం రా చెల్లె, మీ నిత్య సైకిల్ పని ఉన్నది" అన్నాడు! ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. యాదగిరి అన్న వరంగల్ మనిషి. ఇక్కడ మా ఊరు ఆష్‌బర్న్‌లోనే డేటా సెంటర్‌లో జాబ్. నాకు చుట్టం కాదు, రెండు వీధుల అవతల ఇల్లు. ఆయన కార్ ఎండకీ స్నోకీ బయటే ఉండేది. గరాజ్ మొత్తం సైకిళ్ళదే.

స్పెషాలిటీ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. వాటికి వైర్ ఉండదు, సన్నటి గొట్టంలో ఆయిల్ ఉంటుంది. హ్యాండిల్ దగ్గర లివర్ నొక్కితే ఆ ఆయిలే ప్యాడ్లని చక్రం మధ్యలో ఉండే డిస్క్‌కి అదుముతుంది. గొట్టంలో గాలి బుడగ చేరితే బ్రేక్ మెత్తబడిపోతుంది.

ఇదంతా నాకెలా తెలుసంటే, నా తెలివితక్కువ పని వల్ల.

రెండేళ్ళ కిందట దసరాకి కార్‌తో పాటు మా అమ్మాయి నిత్య కొత్త సైకిల్‌కి కూడా పూజ చేశాను. నిత్యకప్పుడు తొమ్మిదేళ్ళు. కుంకుమ నిలవాలని నువ్వుల నూనెలో కలిపాను. డిస్కులు గుండ్రంగా మెరుస్తూ బాగున్నాయి కదా అని రెండిటికీ చుట్టూ బొట్లు పెట్టాను. ఫొటో తీసి గ్రూప్‌లో కూడా పెట్టాను, ఘనకార్యం చేసినట్టు.

ఆ సాయంత్రం నిత్య మా వీధి వాలులో దిగుతూ బ్రేక్ నొక్కింది.

ఆగలేదు.

మెయిన్ రోడ్ దాకా జారిపోయి, చివరి క్షణంలో ఎవరి ఇంటి ముందో పొదల్లోకి తిప్పేసింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అంతే. నేను మాత్రం రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను.

యాదన్న వచ్చాడు. డిస్క్‌ని వేలితో తాకి వాసన చూశాడు. నవ్వలేదు, తిట్టలేదు.

"చెల్లె, బొట్టు హ్యాండిల్‌కు పెట్టుకో. డిస్క్‌కు నూనె తాకొద్దు. ప్యాడ్లు నూనె పీల్చినయ్, ఇగ పనికిరావు."

కొత్త ప్యాడ్లు నా చేతిలో పెట్టి, "నేను చెయ్య. నువ్వే చెయ్యాలె" అన్నాడు. నా వల్ల కాదన్నాను. వింటేగా! గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆల్కహాల్‌తో ఆ డిస్కులు నాతోనే తుడిపించాడు.

బ్రేక్‌లోంచి గాలి తీసేటప్పుడు ఆయన్ని చూడాలి. లివర్ దగ్గర చిన్న కప్పు బిగించి, కింద నుంచి సిరంజితో కొత్త ఆయిల్ ఎక్కిస్తూ, గోటితో గొట్టాన్ని టక్ టక్‌మని తట్టేవాడు. బుడగలు ఒక్కొక్కటే కప్పులోకి తేలేవి. ఇక అయిపోయాయి అని నేననుకున్నాక కూడా "ఇంకోటున్నది" అనేవాడు.

ఉండేది! ప్రతిసారీ ఉండేది. ఆయనకెలా తెలిసేదో ఇప్పటికీ అర్థం కాదు. నోరు తెరుచుకుని చూసేదాన్ని.

పని ఎందాకా వచ్చిందో నీలం టేపు మీద రాసి లివర్‌కి అంటించేవాడు. పని పూర్తయ్యాక, పిల్లల సైకిలైనా సరే, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా తనే ఎక్కి తన వీధి వాలు దిగేవాడు. చివర్లో మెయిల్‌బాక్స్ దగ్గర ఆగితేనే టేపు పీకేవాడు.

"టెస్టింగ్ పిల్లల మీద చేస్తమా?" అనేవాడు.

నేనూ నేర్చుకున్నాను. కానీ ఆయన పక్కన లేకుండా ఒక్కసారి కూడా చేయలేదు. ఆ పొదలు గుర్తొస్తే నా చెయ్యి ఆగిపోతుంది.

ఇవాళ వదిన దగ్గరికి వెళ్ళాను. గరాజ్ తలుపు తీసే ఉంది. స్టాండ్ మీద నిత్య సైకిల్. ప్యాడ్లు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. కప్పులో ఆయిల్ అలాగే ఉంది. లివర్‌కి నీలం టేపు, ఆయన రాత.

"ఇంక జెర గాలున్నది. చెల్లె చేస్తది."

వదిన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"చేసెయ్యి. సగం పని ఇడిసిపెడితే ఆయనకు నిద్రవట్టదు."

కూర్చున్నాను. ఏడుస్తూనే గొట్టం తట్టాను. నాలుగైదు బుడగలు వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. కప్పు తీసేయబోయి ఆగాను. ఎందుకో, ఇంకోటి ఉందనిపించింది.

మళ్ళీ తట్టాను.

వచ్చింది, యాదన్నా.

ప్యాడ్లు పెట్టి బిగించాను. పలకరింపుకి వచ్చిన వాళ్ళంతా చూస్తుండగా, మోకాళ్ళు మడుచుకుని ఆ చిన్న సైకిలెక్కి నీ వాలు దిగాను. భయంతో కళ్ళు మూసుకోబోయాను కూడా.

మెయిల్‌బాక్స్ దగ్గర ఆగింది.

టేపు నేనే పీకాను. ఇప్పుడు నా ఫోన్ వెనక అంటించి ఉంది.

రేపటి నుంచి నిత్య ఆ సైకిల్ తొక్కుతుంది. నీ పని ఏదీ సగంలో లేదు అన్నా. హాయిగా పడుకో.