బూమరాంగ్‌కు నేను చెప్పిన అర్థం

రెడ్డియార్‌పాళయంలో మా పక్కింటివాళ్లు తలుపులు చేయిస్తున్నారు. చిత్రిక పట్టిన వేపచెక్క వాసన కిటికీలోంచి నా కాఫీ దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నా గొప్పలు మొదలవుతాయి. పుదుచ్చేరిలో బూమరాంగ్ విసిరి, తిరిగొచ్చినదాన్ని ఒంటిచేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే.

డెబ్బైల చివర యానాం నుంచి వచ్చి, కురుచికుప్పం దగ్గరి ఒక బడిలో ఇంగ్లీషు మాస్టారుగా చేరాను. ప్రధానోపాధ్యాయురాలు రాజమ్మగారు, తరాల క్రితమే ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుండేది. సోమవారం ప్రార్థన అయ్యాక ఒక ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద కొత్త మాట రాసి, దాని పక్కన నిలబడాలి. పిల్లలు ఏమైనా అడగవచ్చు. తెలియకపోతే “తెలియదు” అనాలి. అలా అన్న మాస్టారికి బడంతా చప్పట్లు కొట్టాలి. మా యానాంలో మాస్టారు తెలియదన్నాడంటే పరువు పోయినట్టే. ఈ చప్పట్లు నాకు వెటకారంలా వినిపించేవి.

నా వంతు వచ్చినప్పుడు “బూమరాంగ్” రాశాను. ఒక పిల్ల లేచి, అది ఎవరి మాట, అర్థమేమిటని అడిగింది. ఆస్ట్రేలియా ఆదివాసులదని తెలుసు. అర్థం తెలియదు.

“బూమ అంటే వెళ్లు, రాంగ్ అంటే రా,” అన్నాను తడుముకోకుండా.

“యాడ చదివినారు సార్?” అన్నారు రాజమ్మగారు.

“పెద్ద నిఘంటువులోనండి.”

“సరి, తెచ్చి చూపించండి. నేనూ చదవతాను.”

“యానాంలో ఉండిపోయిందండి.”

ఆవిడ తల ఊపారు. నమ్మలేదని ఆ ఊపులోనే తెలిసింది. నా ఉద్యోగం ఖాయం కావాలంటే ఆ నెలలోనే ఆవిడ సంతకం పెట్టాలి. అబద్ధానికి సాక్ష్యంగా వడ్రంగి చేత వేపచెక్కతో వంకర కట్టె చేయించి, శనివారం పిల్లల్ని వైతికుప్పం సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను. డ్రాయింగ్ టీచర్ కోమల తోడు వచ్చింది. తరవాతి రోజుల్లో నన్ను పెళ్లి చేసుకున్నది ఆమే.

విసిరాను. కట్టె పడవల మీదుగా లేచి, సముద్రపు గాలికి ఒరిగి, నిజంగానే వెనక్కి తిరిగింది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అది నా తల మీదుగా దూసుకుపోయింది. వెనక ఠప్పుమని చప్పుడు. చూస్తే రాజమ్మగారు ఇసకలో కూలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. కనుబొమ చీలి, తెల్లచీర కొంగు ఎర్రబడుతోంది. ఒంటిచేత్తో పట్టుకున్నాననడం నా కోతేనని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

“పిల్లకాయలకేం తగల్లేదు గదా?” అన్నారు ముందు. తరవాత కొంగు గాయానికి అదిమిపట్టి, “ఇప్పుడు చెప్పండి మూర్తి సార్. ఆ అర్థం యాడ చదివినారు?”

రక్తం కారుతుంటే అడిగే ప్రశ్నేనా అది?

“ఎక్కడా చదవలేదండి,” అన్నాను.

ఆదివారమంతా యానాం వెళ్లిపోదామని పెట్టె సర్దుకుంటూ గడిపాను. సోమవారం ఆవిడ తలకు కట్టుతో వచ్చి, నన్ను పిలిచి నల్లబల్ల పక్కన నిలబెట్టారు. కుట్లు వేయించుకుని, ఆసుపత్రి నుంచి నేరుగా గ్రంథాలయానికే పోయారట. అది విని నాకు మతిపోయింది.

“ఇది సిడ్నీ పక్క ఉండిన ఆదివాసుల మాట. ఇంగ్లీషోళ్లు విని రాసుకున్నారు. ఆ కట్టెకు పేరు, అంతే. దాని లోపల ఇంకేమన్నా అర్థం ఉండిందా అంటే గట్టిగా చెప్పేదానికి లేదు. అడగాల్సిన రోజుల్లో వాళ్లని ఎవరూ సరిగా అడగలా. వేటకు వాడే కట్టెలు చానావరకు తిరిగి కూడా రావు,” అన్నారు.

అప్పుడు నేను గుండె చిక్కబట్టుకుని, బడంతా వినేలా “నాకు తెలియదు” అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ వారమే ఆవిడ సంతకం పెట్టారు. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా అడిగితే, కల్పించబోయే నా నాలుకను ఆ చప్పట్లు కాసేపు ఆపుతాయి.

తమిళంలో చదువుకున్న కోమలకు తెలుగు లిపి రాదు. అందుకని ఇదంతా చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అంది:

“తెలీదని మీరు యాడ అన్నారు? నోరే పెగల్లా మీకు. చేతులు కట్టుకొని నిలబడినారు. మూర్తి సారుకూ తెలీదు, నాకూ తెలీదు అని చెప్పింది ఆయమ్మ. పిల్లకాయలు చప్పట్లు కొట్టింది ఆయమ్మకి.”