కొంగపాదంలో మొదటి వేలు

ఫసలీ 1342లో, అంటే 1933 ప్రాంతంలో, నన్ను నాందేడ్ జిల్లా కచేరీలో తర్జుమాదారుగా వేశారు. పటేలు చనిపోతే ఆ పని ఎవరికి రావాలో తేల్చడానికి షజరా, అంటే వంశవృక్షం, గీసేవాళ్లం. తండ్రి పేరు కింద కొడుకులకు తలొక గీత. సంతానం లేకుండా పోయినవాడి పేరు పక్కన 'లావల్ద్' అని రాస్తే ఆ గీత అక్కడితో సరి. పైఅధికారి ఉర్దూ రాని దొర కనుక ఇంగ్లీషు ప్రతి కూడా నేనే రాయాలి. దాని శీర్షిక 'పెడిగ్రీ'.

ఆ మాట పాత ఫ్రెంచిలో కొంగపాదం నుంచి వచ్చిందని నిఘంటువులో చదివి తెగ మురిసిపోయాను. తండ్రి నుంచి దిగే మూడు గీతలు వాళ్లకు అలా కనిపించాయట. కనబడ్డవాళ్లందరికీ ఆ సంగతి చెప్పేవాణ్ణి.

భోకర్ వైపు ఊరి నుంచి చనిపోయిన పటేలు భార్య గంగవ్వ, రెండో కొడుకు లింగన్నతో వచ్చింది. ఆమెకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పోశెట్టి పెళ్లి కాకముందే, ఏడేళ్ల కిందట, ముద్ఖేడ్‌లో రైలెక్కి బొంబాయి మిల్లులకు పోయాడు. మళ్లీ కబురు లేదు. "ఇంకెక్కడి అన్న పంతులూ, రాయుండ్రి," అన్నాడు లింగన్న. నేను లావల్ద్ అని రాసేసి, వేలిముద్ర కోసం చదివి వినిపించాను. గంగవ్వ పిడికిలి బిగించింది.

"గది రాస్తే నా కొడుకును నేనే సంపినట్టు గాదా? నేను ఏలు పెట్ట."

ఆమెను మరపించడానికి కొంగపాదం కథ చెప్పాను. గంగవ్వ ఆ మూడు గీతలనూ చాలాసేపు చూసింది.

"కొంగకు ఒక ఏలు నరికి నిలవెడ్తవా పంతులూ?"

నాకు సిగ్గేసింది. కొత్త కాగితం మీద పోశెట్టి పక్కన 'కబురు లేదు' అని రాశాను. దాంతో లింగన్నకు అన్న వచ్చేదాకా పటేలు పని చూసుకునే అధికారమే దక్కింది. విసురుగా వెళ్లిపోయాడు.

ఏటా గోదారి స్నానానికి వచ్చినప్పుడు గంగవ్వ కచేరీకి వచ్చేది. చదువు రాదు. మొదటి గీత మీద వేలు పెట్టి, "ఉన్నది గదా?" అని అడిగి పోయేది. ఆమె ఆశ నాకూ అంటుకుంది. బొంబాయి కాగితం ఏది వచ్చినా ముందు నేనే విప్పేవాణ్ణి. పోశెట్టి పేరు ఎందులోనూ లేదు.

ఒక ఏడు లింగన్న ఒక్కడే వచ్చాడు. తల్లి పోయిందన్నాడు. షజరా తీయమన్నాడు. లావల్ద్ రాయించడానికే వచ్చాడనుకుని కలం తీశాను. అతను మొదటి గీత మీద వేలు పెట్టాడు.

"గట్లనే ఉండనియ్యుండ్రి," అన్నాడు.

కబురు కంటే ముందు కలం పోకూడదని వాళ్లిద్దరి దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, లావల్ద్ అని రాసే ముందు ఆ మనిషి తల్లి బతికి ఉందా అని అడిగేవాణ్ణి.