వీపు మీద ఒక్క పుండు లేదు

ఈ పాండేసర మరమగ్గాల బస్తీలో భార్యకు సేవ చేసిన మగవాళ్ళ పేర్లు రాస్తే మొదటి పేరు నాదే ఉండాలి. నన్ను చూసి మా గల్లీలో పదిమంది మొగుళ్ళు మారిపోయారు. పదిమంది కాదులెండి, ఒక్కడు. వాడూ వారం రోజులే.

నలభై ఏళ్ళు సాంచెల మీద బట్ట నేసి, మోకాళ్ళు పట్టేసి నేను ఇంట్లో కూచున్న ఏడాదే నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. కొడుకుకు సాంచెల మీద పన్నెండు గంటల డ్యూటీ. కోడలు చీరలకు రాళ్ళు అంటించే కార్ఖానాకు పోతుంది. ఇంట్లో మిగిలింది నేనూ, తొమ్మిదో తరగతి చదివే మనవరాలూ.

దీపావళి ముందు ఆమెను ఆటోలో వేసుకుని రోడ్డు చివరి దవాఖానాకు పోయాం. గుజరాతీ డాక్టరమ్మ ఆమెను పక్కకు తిప్పి, వీపు చూసి ఆగిపోయింది.

"ఒక్క పుండు లేదే! రెండు గంటలకోసారి ఎవరో తిప్పుతుంటే తప్ప ఇట్లా ఉండదు. ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు, కాకా?" అని హిందీలో అడిగింది.

మనవరాలు బయట ఆటో ఆపి నిలబడి ఉంది.

"నేనే," అన్నాను.

నా భార్య కళ్ళు మూసుకుంది.

ఆ దవాఖానాలో ఒక పద్ధతి ఉంది. రోగి కాగితం మీద చూసుకునే మనిషి పేరు కూడా రాస్తారు. ఆ మనిషికి నడుం నొప్పి ఉందా, నిద్ర పడుతోందా అని అడుగుతారు. శనివారం పొద్దున రెండు గంటలు నర్సును ఇంటికి పంపుతారు, ఆ మనిషి కాస్త ఊపిరి పీల్చుకోవాలని. చూసుకునేది చదువుకునే పిల్లలైతే బడితో మాట్లాడతారు. ఇదంతా విన్నాకే నా పేరు రాయించుకున్నాను.

శనివారాలు నావయ్యాయి. మనవరాలిని నర్సు కంట పడకుండా ముందే కూరగాయలకు పంపేవాణ్ణి. నేను చాయ్ బండి దగ్గర కూచుని, "డాక్టరమ్మనే నాకు ఆరామ్ రాసిచ్చింది" అని చెప్పుకునేవాణ్ణి.

నేను చేసిన సేవ గోలీలు తేవడం. తిప్పింది, తుడిచింది, గుడ్డలు మార్చింది పిల్ల. బడికి వారానికి మూడు రోజులు పోయేది. తర్వాత ఒక్కరోజు. తర్వాత నేను లెక్క చూడడం మానేశాను.

ఒకరోజు మనవరాలు అవ్వ మోచేతి కింద దిండు సర్దుతూ అంది: "తాతా, హాజరు సాల్లేదట. పరీక్షకు కూసోనియ్యరట."

"గట్లెందుకైంది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"నీకు తెల్వదా?" అంది.

కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు పోయి డాక్టరమ్మకు ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాగితం మీద నా పేరు కొట్టేసి, పిల్ల పేరు అడిగి రాసుకుంది. నా ముందే బడికి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. పెట్టేసి, "దీపావళికే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేదాన్ని, కాకా. ఇప్పుడు ఆ తరగతే మళ్ళీ చదవాలి," అంది.

పరీక్షలు మొదలైన వారం, శనివారం నర్సు వచ్చి మనిషిని ఎట్లా తిప్పాలో నాకు నేర్పింది.

"నువ్వు పో బిడ్డా. ఈ రెండు గంటలు నీయే," అన్నాను మనవరాలితో.

చెప్పులేసుకుంది. గడప దాటి ఆగింది.

"యాడికి పోవాలె తాతా? నా దోస్తులందరు పరీక్ష రాస్తుండ్రు."

మెట్ల మీదే కూచుంది. లోపల నేను నా భార్యను గోడవైపు తిప్పాను. మెట్ల మీంచి పిల్ల, వెనక్కి చూడకుండానే అడిగింది:

"మోచేతి కింద దిండు పెట్టినవా?"

పెట్టలేదు. అప్పుడు పెట్టాను.