కూలింగ్ కట్టెయ్యని డ్రైవరు

అస్వాన్ గోడౌను దగ్గర లారీ దిగిన ప్రతిసారీ డ్రైవరు రస్లాన్ ముక్కు మూసుకునేవాడు. అలెగ్జాండ్రియా రేవులో రాయిలా గడ్డకట్టిన మాంసం ఎక్కించుకుని బయలుదేరిన లారీలు, నైలు వెంట ఇక్కడికి చేరేసరికి తలుపు సందుల్లోంచి ఎర్రనీళ్లు కారుస్తుండేవి. వాటి చుట్టూ ఈగలు ముసిరేవి. డ్రైవర్లు మాత్రం ఆ నీళ్లు దాటుకుంటూ వెళ్లి చాయ్ తాగేవారు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. కైరో దాటగానే కూలింగ్ మిషను కట్టేస్తే డీజిలు మిగులుతుంది. అస్వాన్ దగ్గరపడ్డాక మళ్లీ వేస్తే పైపైన మంచు పట్టి సరుకు నదురుగానే కనిపిస్తుంది. ఆ సరుకు పోయేది బడిపిల్లల భోజనాలకీ, ఆస్పత్రి వంటలకీ. యజమాని హాజీ మెత్వల్లీ కట్టెయ్యమని ఏనాడూ నోరు తెరిచి అనలేదు. తక్కువ డీజిలు తాగిన లారీ డ్రైవరుకి పండక్కి ఇనాం ఇచ్చేవాడు, అంతే. ఈ సిగ్గుమాలిన పనికి వాళ్లు పెట్టుకున్న పేరు తెలివి.

రస్లాన్ కట్టేసేవాడు కాదు. అలాగని పెద్ద నీతిమంతుడేం కాదు. తనిఖీ పోలీసు చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు, సిగరెట్లు మానేశానని భార్య ఇన్‌సాఫ్‌తో అబద్ధమాడేవాడు. కానీ కుళ్లిన తిండి మోసి సంపాదించిన రొట్టె అతని గొంతు దిగదు.

అదే అతని కొంప ముంచింది. అందరి లారీలకన్నా ఇతని లారీ ఎక్కువ తాగుతోందంటే దారిలో డీజిలు అమ్ముకుంటున్నాడని హాజీ పుకారు లేపి, తాళాలు లాక్కున్నాడు. కూలింగ్ కట్టేసే వాళ్లే చాయ్ కొట్టు దగ్గర ఇతన్ని చూసి మొహం తిప్పుకున్నారు. వాళ్ల ఊరు సోహాగ్‌లో దొంగ అనిపించుకున్న డ్రైవరుకి మరొకడు లారీ ఇవ్వడు. పేరు నిలబెట్టుకోకపోతే బతుకుతెరువు పోయినట్టే. అందుకే రస్లాన్ పెద్దల పంచాయితీ పెట్టించాడు.

హాజీ ఇంటి వసారాలో పెద్దలూ డ్రైవర్లూ అందరూ కూర్చున్నారు. రస్లాన్ ఖురాన్ మీద చెయ్యి వేసి, చుక్క డీజిలు కూడా అమ్ముకోలేదని ప్రమాణం చేశాడు. పెద్దమనిషి షేక్ అబ్దుల్ షాఫీ అతను నిర్దోషి అన్నాడు. హాజీ లేచి వచ్చి అతని నుదుటి మీద ముద్దుపెట్టి, తాళాలు ముందుంచాడు. ఇక మీదట తోటివాళ్లలాగే నడుచుకొమ్మని తేనె పూసినట్టు చెప్పాడు. కూలింగ్ కట్టెయ్యడం లేదని వాళ్ల చేత కూడా ప్రమాణం చేయించమని రస్లాన్ అడిగాడు. షేక్‌కి ఆ మాట వినపడలేదు.

ఇంతలో అన్నం, మాంసం వచ్చాయి. మొదటి ముక్క రస్లాన్ తినాల్సిందేననీ, తినకపోతే తన పెళ్లానికి తలాక్ అనీ హాజీ ఒట్టేశాడు. అక్కడ మగాళ్లు చీటికీమాటికీ వేసే ఒట్టే అది.

"ఇది ఏ లారీలో వచ్చిందో చెప్పు హాజీ, తింటాను," అన్నాడు రస్లాన్.

హాజీ మొహం కందగడ్డయింది. "నా ఇంటికొచ్చినోళ్లకి ఆ కంపు పెడతానా? నన్నేమనుకున్నావురా? మా దొడ్లో దూడ, పొద్దునే కోయించా."

వసారా అంతా విన్నది. ఒకడు దగ్గాడు. మిగతావాళ్లు పళ్లెం వైపు చూశారు.

రస్లాన్ లేచాడు. ఇద్దరు డ్రైవర్లు అతని చొక్కా పట్టుకుని లాగారు. హాజీ కాపురం కూలిపోతుంది, ఒక్క ముక్క నోట్లో వేసుకో ఉస్తాద్ అని బతిమాలారు. ఎన్ని బడుల పిల్లల కడుపులు చెడినా కదలని మనుషులు, హాజీ ఒట్టు కోసం కళ్లనీళ్లు పెట్టుకునేంత పని చేశారు. రస్లాన్‌కి వాళ్ల చేతులు తగలడమే అసహ్యమనిపించింది. తాళాలు అక్కడే వదిలేసి గుమ్మం దాటాడు.

చెప్పులు వేసుకుంటుంటే లోపల షేక్ తీర్పు చెప్పడం వినపడింది. మాటవరసకి వేసిన ఒట్టు చెల్లదట, హాజీ కాపురానికి ఢోకా లేదట. అందరూ దేవుడి దయ అనుకున్నారు. తర్వాత షేక్ ఆ మొదటి ముక్క తన వైపు జరపమన్నాడు.