పేర్లు చదివే వాన్లాయ్

మా ఊళ్ళో చనిపోయినవాళ్ళందరూ ఒక్కలాగే మంచివాళ్ళు. వాళ్ళని అలా చేసింది తూ వాన్లాయ్. యున్లిన్ జిల్లా పడమటి ఊళ్ళలో ఎవరు పోయినా, టెంటు ముందు నల్లకోటు వేసుకుని మైకు పట్టుకునేది అతనే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేశాడు. "తను పస్తులుండి పిల్లల కడుపు నింపిన తల్లి" అని గొంతులో జీర తెచ్చి చదివితే, అత్తని ఇరవై ఏళ్ళు పలకరించని కోడళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చదివేది ఎప్పుడూ అదే. పేరూ వయసూ మాత్రం మారేవి.

అతని వెనక నిలబడి శాక్సఫోన్ వాయించేదాన్ని నేను, శ్యే పియున్‌ని. తెల్ల స్కర్టులూ తెల్ల బూట్లూ వేసుకుని చావుల దగ్గర వాయించే ఆడవాళ్ళ బ్యాండు మాది. ఎండాకాలం చావులు నయం. చలికాలంలో సముద్రం వైపు నుంచి కొట్టే గాలికి పెదాలు పగిలి నెత్తురొచ్చేది. ఎన్నికలు కూడా మా దగ్గర చలికాలంలోనే వస్తాయి. అందుకే కాబోలు, రెండూ తలుచుకుంటే నాకు ఒకేసారి ఒళ్ళు నొప్పులు మొదలవుతాయి.

వాన్లాయ్ మొదట కూరగాయల మార్కెట్లో వేలం పాట పాడేవాడు. వెల్లుల్లి, క్యాబేజీ, వేరుశనగ, ఏదైనా సరే, అతను అరిస్తే వీధి చివరకి వినపడేది. ఒకసారి పినతండ్రి చావుకి చదివేవాడు తాగొచ్చి పడిపోతే ఇతన్ని నిలబెట్టారు. ఇక అక్కడే ఉండిపోయాడు. పెళ్ళయింది, భార్య పోయింది, ఆవిడ చావుకీ తనే చదివాడు. ఆ రోజు మాత్రం జీర తెచ్చుకోవాలన్నా రాలేదని నాతో అన్నాడు.

చనిపోయినవాళ్ళ గురించి చదవడం సగం పనే. మిగతా సగం, వచ్చిన నాయకుల పేర్లు చదవడం. ఇంటివాళ్ళ మొక్కులయ్యాక బయటివాళ్ళ వంతు వస్తుంది. పొద్దున్నే ఆరేడు చావులు తిరిగే నాయకుడు కారు దిగకముందే అతని మనిషి పరిగెత్తుకొచ్చి వాన్లాయ్ చేతిలో చీటీ పెడతాడు. వాన్లాయ్ చదువుతున్నది ఆపి, ఫలానావారు విచ్చేశారు అంటాడు. నాయకుడు మూడుసార్లు వంగి, కొడుకు చెయ్యి ఊపి, రెండు నిమిషాల్లో కారెక్కుతాడు. పోయింది ఆడో మగో కూడా తెలియకుండా వంగి వెళ్ళినవాళ్ళని చూశాను. అయినా ఊళ్ళో లెక్క ఒకటే, చావుకి వచ్చినవాడికే ఓటు. వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? మైకులో పేరు వినపడితే వచ్చినట్టు, లేకపోతే రానట్టు.

ఈ లెక్కలోనే ఫాంగ్ యూచెన్ కొట్టుకుపోయింది. ఆమె జిల్లా సభలో సభ్యురాలు. శవాన్ని సాగనంపే ముందురోజు మధ్యాహ్నం ఒక్కతే స్కూటరు మీద వచ్చి, ఆడవాళ్ళతో కూర్చుని, పోయినవాళ్ళ పేర కాల్చే కాగితం తామరపూలు మడిచేది. వంటపాత్రలు కూడా తోమింది, నేను చూశాను. మర్నాడు జనంలో వెనక నిలబడి దణ్ణం పెట్టుకుని వెళ్ళేది, చీటీ ఇచ్చేది కాదు. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి, మా నాన్న చావుకి ఆ మనిషి మొహం కూడా చూపించలేదని ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు అన్నారు. ఆ నాన్నకి పూలు మడిచింది ఆవిడే. వాన్లాయ్‌కి తెలుసు. అయినా నోరు విప్పలేదు. చీటీ లేకుండా పేరు చదివితే మిగతా నాయకులు ఊరుకోరు, చావుల పనంతా వాళ్ళు చెప్పినవాళ్ళకే పోతుంది. ఆమె ఓడిపోయింది.

దీని మీద వాన్లాయ్‌ని మొహం మీద కడిగింది ఒక్క చ్యెన్ పెద్దమ్మే. సంతలో గిన్నెకుడుములు అమ్మేది. బియ్యప్పిండిలో ముల్లంగి తురుమూ పంది మాంసమూ కలిపి, గిన్నెల్లో పోసి ఆవిరికి ఉడికించేది. వాన్లాయ్ రోజూ పొద్దున్న ఆవిడ దగ్గరే తినేవాడు. "ఆ పిల్ల పేరు మింగేశావు కదరా, ఇప్పుడు కుడుమెలా దిగుతుంది నీకు?" అని అందరిముందూ అడిగింది. అతను తల వంచుకుని తిన్నాడు. నవ్వుతారేమో, నిజంగానే పూర్తిగా తిన్నాడు.

అధ్యక్ష ఎన్నికల ముందు నవంబరులో అభ్యర్థి మా సంతకి వచ్చాడు. ఏ పార్టీవాడో చెప్పను, రెండోవాడు కూడా మరుసటి వారం వచ్చి అదే చేశాడు. పెద్దమ్మ పెద్ద కొడుకు చ్యెన్ కువాంగ్‌తే మా పట్టణంలో ఆయన ప్రచార కార్యాలయం చూసేవాడు కనక అభ్యర్థిని సరాసరి తల్లి కొట్టు దగ్గరికి నడిపించాడు. అభ్యర్థి వేడి గిన్నె చేతిలోకి తీసుకున్నాడు, చెంచా నోటిదాకా తెచ్చాడు, కెమెరాలు టపటపా కొట్టుకున్నాయి. గిన్నె కింద పెట్టేశాడు. సాయంత్రం వేదిక మీద, ఈ కుడుములు తినే పెరిగాను, ఇవాళ మళ్ళీ అమ్మ చేతి రుచి చూశాను అని గొంతు వణికించాడు.

పెద్దమ్మ మర్నాడు పొద్దున్న వాన్లాయ్ ముందు గిన్నె పెట్టి, నెమ్మదిగా అంది. "ఒరే, నోట పెట్టుకోకుండా కింద పెట్టాడురా. నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను. నేను పోయాక నా ముందు అట్లాంటి పేర్లు చదవకు. నా చేతి కుడుము తిన్నవాళ్ళవే చదువు." అతను సరేనన్నాడు. పెద్దవాళ్ళు అడిగితే ఎవరైనా సరేనంటారు. ఆరు వారాలకి ఆవిడ నిజంగానే పోయింది. పొద్దున బియ్యం నానబోసి, కుర్చీలో కూర్చుని, అలాగే.

కూతురు సుయిన్ తల్లిని పదేళ్ళుగా కనిపెట్టుకుని ఉంది. పంచాంగం చూసేవాడు చెప్పిన ముహూర్తం ఆ పిల్లకి గుండెల్లో గుబులు పుట్టించింది. శవపేటిక పదకొండు లోపు కదలాలి. పదకొండు దాటితే గుర్రం ఘడియ, సుయిన్ పుట్టింది ఎలుక సంవత్సరం. ఆ ఘడియలో తల్లి కదిలితే ఎలుకవాళ్ళ మీద దెబ్బ పడుతుందని మాలో ఎవరిని అడిగినా చెప్తారు. అసలే రెండేళ్ళ కిందట రొమ్ము ఆపరేషనయిన మనిషి. కువాంగ్‌తే గొర్రె సంవత్సరం వాడు, వాడికి ఏ ఘడియైనా ఒకటే. ముందురోజు సుయిన్ వాన్లాయ్ దగ్గరికొచ్చి, "అన్నా, ఆలస్యం మాత్రం చెయ్యనివ్వకు. నాకు భయంగా ఉంది" అంది. ఆ మాట దాచుకోకుండా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

ఆ పొద్దున్న టెంటు రోడ్డు సగం దాకా వేశారు. నాయకుల పేర్లతో గుడ్డ పట్టీలు వరసగా వేలాడదీశారు, గాలికి అవి మా మొహాల మీద కొట్టాయి. పదిన్నరకి వాన్లాయ్ చేతిలో నలభై చీటీల పైనే ఉన్నాయి. అతను ఒక్కో చీటీ చూసి కోటు జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. ముగ్గురి పేర్లే చదివాడు. ఒకరు సంతలో చేపలమ్మే ముసలాయన, ఒకరు పోస్టుమాన్, మూడోది ఫాంగ్ యూచెన్. ఆమె ఎప్పటిలాగే వెనక నిలబడి ఉంది, చీటీ ఇవ్వలేదు. పేరు వినగానే అటూ ఇటూ చూసింది, ముందుకొచ్చి వంగినప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. ముందు వరసలో కూర్చున్న పట్టణాధ్యక్షుడు వాన్లాయ్ వైపు కొరకొర చూశాడు.

పది నలభై అయిదుకి కువాంగ్‌తే ఇంకో చీటీ తెచ్చాడు. అభ్యర్థి దారిలో ఉన్నారు, అందరూ కాస్త ఓపిక పట్టండి, అని చదవమన్నాడు. ఎంతసేపని అడిగితే అరగంట అన్నాడు. పేటిక పక్కన మోకాళ్ళ మీద ఉన్న సుయిన్ తలెత్తి అన్నని కాదు, వాన్లాయ్‌నే చూసింది. ఇన్నేళ్ళలో వాన్లాయ్ ఏ చీటీకీ కాదనలేదని నాకు తెలుసు, ఇవాళా కాదనడని అనుకున్నాను.

అతను మైకు చేత్తో మూసి, కుదరదన్నాడు. కువాంగ్‌తే దగ్గరికి జరిగాడు. "అన్నా, బాగా ఆలోచించుకో. ఇదే నీకు ఆఖరి చావు అవుతుంది."

"మీ అమ్మకి కూడా ఇదే ఆఖరిది తమ్ముడూ" అన్నాడు వాన్లాయ్.

తర్వాత మైకు మీద చెయ్యి తీసి, సమయమైంది, అమ్మని లేపండి అన్నాడు. గొంతులో జీర లేదు. వేలంపాటలో అరిచినట్టే అరిచాడు. మోసేవాళ్ళు ఒక క్షణం కువాంగ్‌తే వైపు చూశారు గానీ, అలవాటైన గొంతు కదా, లేపేశారు. మేం వాయించాం. పదకొండుకి ఏడు నిమిషాలుంది. సుయిన్ ఏడ్చిన ఏడుపు చూస్తే భయం దిగిపోయినట్టుంది. నాకూ సంతోషమేసింది. చావు దగ్గర సంతోషపడ్డానని సిగ్గేమీ లేదు.

కాలువ వంతెన దగ్గర అభ్యర్థి కార్లు మాకు ఎదురొచ్చాయి. కార్లు ఆగిపోయాయి. అభ్యర్థి దిగి, బట్టల మీద తొడుక్కున్న, పేరు రాసున్న ప్రచారపు చొక్కా విప్పి పక్కవాడికిచ్చి, రోడ్డు అంచున నిలబడి, శవబండి పూర్తిగా దాటిపోయేదాకా నడుం వంచే ఉన్నాడు. గాలికి జుట్టు మొహాన పడుతున్నా తీసుకోలేదు. మొదటి కార్లో ఉన్న వాన్లాయ్ అద్దం దించి తల వంచడం మా లారీలోంచి కనపడింది.

సాయంత్రం వార్తల్లో అదే. ఊరూ పేరూ తెలియని ఒక తల్లి కోసం ఆగిన మనిషి అన్నారు. పాటలు, గోల, అరుపులు లేకుండా వంగిన ఆ వీపుని దేశమంతా చూసింది. నూడుల్స్ కొట్టులో అందరూ చాపుస్టిక్స్ పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఎవరో, ఈయనకే వేస్తాను అన్నారు. కెమెరా వంతెన గట్టు మీద నుంచి తీసింది. శవబండి మలుపు తిరగడం దగ్గర నుంచీ మొత్తం ఉంది అందులో.

మర్నాడు పొద్దున్న నేను వాన్లాయ్ ఇంట్లోనే ఉన్నాను, అన్నం తిన్నాడో లేదో చూద్దామని వెళ్ళాను. పని పోయిందనే అనుకున్నాం ఇద్దరం. కువాంగ్‌తే ఆపిల్ పళ్ళ బుట్ట పట్టుకుని వచ్చాడు, చెవులదాకా నవ్వుతూ.

"నిన్న నిన్ను కొడదామనుకున్నా అన్నా. ఇవాళ కాళ్ళకి మొక్కాలనిపిస్తోంది. బండిలోంచే వాళ్ళకి ఫోను చేశాను, మేం బయల్దేరాం, వంతెన దగ్గర దొరుకుతాం అని. కెమెరావాళ్ళు ముందే దిగి కాచుకున్నారు. ఎంత బాగా వచ్చిందో చూశావా? శుక్రవారం హువాంగ్ వాళ్ళ పెద్దాయనది ఉంది. ఒక పావుగంట ముందు లేపు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

వాన్లాయ్ బుట్టని వాడి వైపే తోశాడు. తర్వాత, ఇక తన వల్ల కాదు, వేరేవాళ్ళని చూసుకోమన్నాడు. కువాంగ్‌తే ఎంత బతిమాలినా వినలేదు. వాడు విసుక్కుంటూ వెళ్ళాడు, బుట్ట మాత్రం వదిలేసి.

నేనూరుకోలేదు. ముహూర్తం నిలబెట్టావు, ఆ పిల్ల నిన్న హాయిగా నిద్రపోయింది, పెద్దమ్మకిచ్చిన మాటా నిలిచింది, వాడు వంగితే వంగనీ, నీకేం పోయిందని గట్టిగానే అడిగాను. అతను కుర్చీలో ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అరవై మూడేళ్ళవాడు ఆ పొద్దున్న ఎనభై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"ఆయన వంగినప్పుడు నాకు ఏడుపొచ్చింది పియున్. నిజం ఏడుపు. పోన్లే, ఒక్కడైనా ఉన్నాడు అనుకున్నా. నేను చదువుతుంటే జనం ఏడుస్తారు చూడు, వాళ్ళకి ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదేనన్నమాట."

టీ పెట్టి ఇచ్చి వచ్చేశాను. అతను మళ్ళీ మైకు పట్టలేదు. ఆ వసంతంలో వెల్లుల్లి పొలాల్లో రోజుకూలీకి గడ్డలు కోయడానికి వెళ్ళాడు, నడుం పట్టేస్తే మానేశాడు. ఇప్పుడు వీధిలో ఎవరు పలకరించినా తలూపుతాడు తప్ప మాట్లాడడు. ఊళ్ళో జనం అతనికి మతి తప్పిందంటారు.

శుక్రవారం హువాంగ్ పెద్దాయనని పావుగంట ముందే లేపారు. చదివింది పక్క ఊరివాడు. వంతెన దగ్గర కార్లు ఆగాయి, అభ్యర్థి చొక్కా విప్పి వంగాడు. మా లారీ పక్కన సైకిలు ఆపుకున్న ఒక ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, "ఎంత పెద్దమనిషో చూడమ్మా, మునుపటి కాలంవాడిలా ఉన్నాడు" అంది నాతో. శాక్సఫోన్ నోట్లోంచి తీసి ఆవిడకి నిజం చెప్పుండొచ్చు. అవునమ్మా అన్నాను.